అద్దంలో పట్టినంత

హేమలత కాపురానికి తెచ్చుకున్న సారెలో అరిసెలు, సున్నుండలు, పసుపు కుంకాలతో పాటు ఒక సున్నం డ్రమ్ము కూడా ఉందన్న సంగతి తుంగపుట్టు ఊరంతటికీ మొదటి పూటే తెలిసిపోయింది. సామాను ఆటోలోంచి దాన్ని దింపడానికి ఊళ్ళో మగాళ్ళంతా తలో చెయ్యీ వేయాల్సొచ్చింది మరి.

"ఇందులో ఏటున్నాది సారూ, బంగారమా?" అని రొప్పుతూ అడిగాడు ఇంటి యజమాని ఫల్గుణ.

"సున్నం" అన్నాడు హేమలత భర్త సురేంద్ర.

ఫల్గుణ నమ్మలేదు. మూత తీసి చూశాడు. పైన తేట నీళ్ళు, అడుగున వెన్నపూసలాంటి తెల్లటి ముద్ద. వేలు ముంచబోతే, "అయ్యో, పొక్కిపోతుంది!" అని హేమలత కేక పెట్టింది. కొత్త పెళ్ళికూతురు ఆ ఊళ్ళో పలికిన మొదటి మాట అదే.

"మా ఊరి కోడళ్ళు బిందెలు తెచ్చుకుంటారు. ఈయమ్మ ఊరందరికీ పొగాకులో నలుపుకోడానికి సున్నం తెచ్చింది" అంది ఫల్గుణ భార్య చిట్టెమ్మ. అందరూ నవ్వారు. సాయంత్రానికల్లా ఇద్దరు ముసలాళ్ళు గోరంత సున్నం అడిగి పట్టుకెళ్ళారు కూడా. బాగుందని మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ రోజు నుంచీ హేమలత పేరు సున్నం కోడలు.

ఆ సున్నం వెనక చిన్న కథ ఉంది. హేమలత విశాఖలో బొమ్మల కోర్సు చదివింది. తోటివాళ్ళంతా క్యాన్వాసు, కంప్యూటరు పట్టుకుంటే ఆమె తడి గోడను పట్టుకుంది. పెళ్ళిచూపుల్లో, ఏం చదువుకున్నావని సురేంద్ర అడిగితే అదే చెప్పింది. గోడకు సున్నం పూత పూసి, అది తడిగా ఉండగానే ఒట్టి నీళ్ళలో కలిపిన మట్టిరంగులు వేయాలి. జిగురు అక్కర్లేదు. ఆరేటప్పుడు సున్నం గాలి పీల్చుకుని మళ్ళీ రాయైపోతుంది. రంగు ఆ రాతిలో చిక్కుకుపోతుంది.

"ఆరిపోయాక వేస్తే?"

"రాలిపోతుందండి."

"తప్పు వేస్తే?"

"ఉలి పెట్టి చెక్కెయ్యాలి. లేకపోతే ఆ తప్పునే చూస్తూ కూర్చోవాలి."

సురేంద్ర చేతిలోని కాఫీ గ్లాసులోకి చూశాడు. అతనిది పార్వతీపురం. కాఫీ రైతుల సంఘంలో ఉద్యోగం. ముంచింగిపుట్టుకి ఇవతల తుంగపుట్టులో నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాడు. ఆ గ్లాసులోని కాఫీ ఏ కొండదో తేల్చుకుంటున్నాడేమో అనుకుంది హేమలత. అతను తలెత్తి, "మా ఇంట్లో ముందుగది గోడొకటి ఇటికలతోనే వదిలేశారు. పూత పూయలేదు. అది నీకిచ్చేస్తాను" అన్నాడు. పెద్దవాళ్ళందరూ విరగబడి నవ్వారు. హేమలత మాత్రం ఆ రాత్రే ఫోన్‌లో అతని నంబరును 'గోడ ఇచ్చినాయన' అని దాచుకుంది. పెళ్ళికి ఎవరెవరో మిక్సీలు, గోడ గడియారాలు ఇచ్చారు. ఆమె గురువు కృష్ణమూర్తి మాస్టారు, ఏళ్ళ తరబడి నీళ్ళ కింద మాగిన సున్నం డ్రమ్మెడు ఇచ్చారు.

తుంగపుట్టుకి వచ్చిన రోజు ఆటో ముందు, వాళ్ళిద్దరూ బండి మీద వెనక. ఘాట్ రోడ్డు మొదట్లో సురేంద్ర బండి ఆపాడు. ఎండ కాస్తున్నా చలిగాలికి కోతిటోపీని చెవుల పైకి మడిచి తగిలించుకుని, కుడి అద్దం మీద మంచు పట్టిందంటూ చొక్కా కొసతో తుడిచాడు. ఎడమవైపు అద్దం ఎప్పుడో ఊడిపోయింది. తుడిచిన అద్దాన్ని ఇటూ అటూ కదిపి సరిచేసి, "గట్టిగా పట్టుకో, ఇక్కణ్ణుంచి మెలికలే" అన్నాడు. హేమలత అతని భుజం పట్టుకుంది. మొదటి మెలికలో భయమేసింది. రెండో మెలికలో భయం పోయి నవ్వొచ్చింది. దారి పొడుగునా మిరియం తీగలు పాకిన సిల్వర్‌ఓక్ చెట్లు, వాటి నీడలో ఎర్రటి కాఫీ పళ్ళు. ఒక పండు కోసి నోట్లో వేస్తే తియ్యగా ఉంది! కాఫీ పండు తియ్యగా ఉంటుందని ఇరవయ్యేళ్ళు దాటేదాకా తనకెవరూ చెప్పనే లేదు.

ఆ మొదటి రోజులన్నీ అలాగే గడిచాయి. పొద్దున్నే పొగమంచు అడక్కుండా వంటింట్లోకి వచ్చేసేది. టీ గ్లాసుల ఆవిరీ మంచూ కలిసిపోయేవి. గుమ్మం ముందు తన చెప్పుల పక్కన అతని చెప్పులు చూసినా నవ్వొచ్చేది. అతని స్వెట్టరు తను వేసుకుంటే చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. అది చూసి సురేంద్ర, "ఏటి సేత్తన్నావు, నన్ను చలికి చంపడానికా?" అనేవాడు.

కానీ కాఫీ పళ్ళు ఎవరి కొత్త కాపురం కోసమూ ఆగవు. కోతలు ముమ్మరమయ్యాయి. రాష్ట్ర సరిహద్దు వైపు ఊళ్ళలో పళ్ళకు పొట్టు తీసే యంత్రం పెట్టారు. సురేంద్ర దాని దగ్గరే ఉండాలి. మొదట్లో రెండు మూడు రోజులకోసారి వచ్చి ముఖం చూపించేవాడు. తర్వాత అదీ లేదు. అక్కడ ఫోన్ అందదు. ఇక్కడా ఊరి పైన ఒక బండరాయి ఎక్కితేనే సిగ్నల్ గీత కనిపిస్తుంది. ఆ రాయి మీంచి చీపురుపల్లిలో ఉన్న అమ్మతో మాట్లాడేది హేమలత.

"ఏటే గుంటా, ఒక్కర్తివీ ఆ కొండల్లో ఏటి సేత్తన్నావు?"

"గోడ పూస్తున్నానమ్మా."

"ఓలమ్మో! అన్ని డబ్బులు పోసి సదివించింది తాపీపనికా?"

నవ్వి ఫోన్ పెట్టేసేది. రాయి దిగి ఇంటికొచ్చాక ఆ నవ్వు చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు. అలవాటు కొద్దీ ఇద్దరికీ సరిపడా అన్నం వండేది. రెండో మనిషి వాటా రాత్రికి తనే తినేది. రోజు మొత్తంలో తన గొంతు తనకు వినిపించేది గోడతో మాట్లాడినప్పుడే.

గోడకేం, బాగానే వినేది. ముందుగా దానికి ముతక ఇసుక కలిపిన సున్నం గరుకుగా పూసింది. దాని మీద బొమ్మ గీతలు గీసుకుంది. ఆ ఘాట్ రోడ్డే బొమ్మ. పైన కొండలు, మంచు. మధ్యలో బండి. వెనక కూర్చున్న తను ముందుకు వంగి వింటోంది. సురేంద్ర తల వెనక్కి తిప్పి ఆమెతో ఏదో అంటున్నాడు.

ఇక రోజుకో ముక్క. ఆ రోజు ఎంత మేర వేయగలదో అంత మేరే పాలరాతి పొడి కలిపిన మెత్తటి సున్నం పూసేది. వేలి కొసతో ముట్టుకు చూసేది. తెలుపు వేలికి అంటుతుంటే ఇంకా వేళ కాలేదు. అంటకుండా చల్లగా, పచ్చి కొబ్బరిని ముట్టుకున్నట్టుంటే వేళయింది. అప్పుడు కుంచె ఆనిస్తే గోడ రంగును చప్పరించినట్టు లోపలికి తీసుకునేది. ఆ చప్పరింపు చూస్తే ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు పులకరించేది. పొద్దువాలే వేళకు కుంచె లాగినట్టయ్యేది. ఇక చాలని గోడ చెప్పే మాట అది. రంగు పడకుండా మిగిలిన పూతను తాపీతో ఏటవాలుగా కోసి పారేసేది, మర్నాటి ముక్క దానికి అతుక్కునేలా. కొండలకు అక్కడి ఎర్రమన్నే నూరింది. మంచుకు సున్నమే రంగు.

గంగ అని, పక్కింటి పడుచు, చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని రోజూ చూడ్డానికి వచ్చేది. "గోడంతా ఒక్కపాలి పూసీకండా ఈ అతుకులేటమ్మా? బొంతలాగ" అనేది. చిట్టెమ్మ మాత్రం, "మనం పేడ పూస్తే అరపూటలో అయిపోద్ది. సున్నం కోడలి పూత పండగ దాటినా అవదు" అనేది. పుష్య పండగ దగ్గర పడుతోంది. ఆ పండగకు ఊరి ఆడవాళ్ళంతా కలిసి ఇంటింటికీ వెళ్ళి గోడలు పూస్తారు. ఎర్రమన్ను ఒక పట్టీ, నల్లమన్ను ఒక పట్టీ. ఏ ఇంటి గోడా పూత లేకుండా పండగలోకి అడుగు పెట్టకూడదు. పెడితే ఆ ఇంటి మనిషి ఏడాదంతా దారి మీదే ఉంటాడట.

ఒక్కో ముక్కా పూర్తయింది. కొండలయ్యాయి, చెట్లయ్యాయి, బండి చక్రాలయ్యాయి, తనూ అయింది. మిగిలింది సురేంద్ర ఒక్కడే. నడుము పైనుంచి తల దాకా, బండి పిడీ అద్దంతో సహా.

కాగితం మీద ముందు అతని ముఖం వేసుకుందామని కూర్చుంది హేమలత. నుదురు వచ్చింది. కనుబొమలు వచ్చాయి. ముక్కు కూడా వచ్చింది. అన్నీ కలిపి చూస్తే ఆ మనిషెవరో తెలియలేదు. ఏదో బస్సు కండక్టరులా ఉన్నాడు. ఇంకో కాగితం తీసింది. ఈసారి పోస్టర్ మీద నమస్కారం పెట్టే నాయకుడొచ్చాడు. ఫోన్ తీసి పెళ్ళి ఫోటోలు చూసింది. బాసికం, బుగ్గచుక్క, అంగుళం మందాన పౌడరు. సెల్ఫీలు చూసింది. కోతిటోపీ, నల్లకళ్ళద్దాలు. వాటిని చూసి వేసిన ముఖం కొలతకు సరిగ్గానే ఉంది. అయినా ఆ ముఖం తనని చూడ్డం లేదు.

హేమలత కాగితాలన్నీ దగ్గరకు పోగేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. ఉన్నప్పుడేమో తను సిగ్గుతో తల దించుకుని, అతని చేతుల్నీ టీ గ్లాసునీ చూసింది. కళ్ళు మూసుకుంటే ముఖం రాని మనిషి తనకేమవుతాడు? రేపు సంతలో ఎదురుపడితే గుర్తుపడుతుందా? అమ్మకు చెప్పే సంగతి కాదిది. గంగకు చెప్పే సంగతి అంతకన్నా కాదు.

అందుకే అతను ఉండాల్సిన చోటు గరుకు పూతతోనే వదిలేసింది. వస్తాడు కదా. ఎదురుగా కూర్చోబెట్టి, సిగ్గుపడకుండా చూసి, వేస్తుంది. పండగ ముందటి సంతరోజుకి ముంచింగిపుట్టులో కలుద్దామని, అక్కణ్ణుంచి బండి మీద ఇద్దరూ ఇంటికొచ్చేద్దామని అతను ఎవరితోనో కబురు పంపాడు. ఆ పొద్దున డ్రమ్ములో మిగిలిన సున్నమంతా తీసి, ఆఖరి పాలరాతి పొడి కలిపి, తొట్టిలో మెత్తగా ముద్ద చేసింది. పైన తడి గోనెసంచి కప్పింది. తలుపుకు గొళ్ళెం పెట్టి జీపెక్కింది.

సంత కిటకిటలాడుతోంది. ఎండుచేపల వాసన, పిప్పళ్ళ ఘాటు, కొండచీపుళ్ళ మోపులు, రాజ్మా గింజల కుప్పలు. హేమలత చేగోడీలు కొంది. అతనికిష్టమని అత్తగారు చెప్పింది. టీ కొట్టు దగ్గర నిలబడి, అటు సరిహద్దు రోడ్డు వైపు చూస్తూ ప్రతి బండినీ గుర్తుపట్టడానికి ప్రయత్నించింది. ప్రతిసారీ, ఇతనేనా అని ఒక్క క్షణం అనుమానం కలగడం ఆమెకు నచ్చలేదు.

ఫోన్ మోగింది. గోడ ఇచ్చినాయన.

"హేమా, ఏటీ అనుకోకు. మిషన్ బెల్టు తెగిపోయింది. నిన్నటి పళ్ళన్నీ గుట్టలుగా పడున్నాయి. కోసిన రోజే పొట్టు తియ్యకపోతే పులిసిపోతాయి. రైతులు నా ముఖమే చూస్తన్నారు."

నీ ముఖం వాళ్ళకు కనబడుతోందన్నమాట, అనుకుంది హేమలత. "పర్లేదండి" అంది. "ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?"

"చెట్టెక్కి."

"చెట్టా! పడిపోతారు, దిగండి."

"దిగితే నువ్వు తెగిపోతావు" అన్నాడతను. అంతలోనే తెగిపోయింది.

తిరుగు జీపులో చేగోడీలన్నీ ఒక్కొక్కటే తనే తినేసింది. కరకరలాడుతూ బాగున్నాయి. అవి బాగుండటమే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

ఇంటికొచ్చేసరికి గొళ్ళెం తీసి ఉంది. ముందుగదిలో చిట్టెమ్మ, గంగ నిలబడి ఉన్నారు. మోచేతుల దాకా తెలుపు. గంగ పిల్లాడి ముక్కు మీద కూడా సున్నం చుక్క. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

"వొచ్చీనావా? సూడు!" అంది చిట్టెమ్మ పక్కకు తప్పుకుంటూ.

గరుకుగా వదిలేసిన చోటు లేదు. తొట్టిలోని ముద్దంతా తీసి గోడకు పూసేశారు. పేడ అలికినట్టు అరచేతులతో వాటంగా, నున్నగా పూశారు. ఎడాపెడా తిప్పిన చేతివాటు అలలు అలలుగా కనిపిస్తోంది. పూత కాస్త ఇవతలికి పాకి, బొమ్మలో సురేంద్ర భుజం వైపు చాచిన హేమలత చేతిని కూడా కప్పేసింది.

"ఊరంతా పూసీసినాం. నీదొక్కటే గంటుండిపోనాది. పండగ ముందు కొత్త పెళ్ళికూతురి గోడకి గంటుంచుతామా? సారు ఏడాదంతా దారెంట తిరగాలా? నువ్వు ముద్ద కలిపీసి ఉంచినావు కదా, మాకోసమే అనుకున్నాం" అంది గంగ.

హేమలత చూపు తాపీ మీదికి పోయింది. ఇప్పుడైనా తాపీతో మొత్తం కోసి పారేయొచ్చు. అదేం కష్టం కాదు. కానీ డ్రమ్ము ఖాళీ, పాలరాతి పొడి ఖాళీ. పైగా ఆ ఇద్దరి చేతులు! వాళ్ళెదురుగా ఆ పూత ఎలా కోస్తుంది? కోయకుండా వదిలేస్తే ఆరిపోతుంది. బండి మీద తను ఒక తెల్లటి ఖాళీతో మాట్లాడుతూ ఉండిపోతుంది.

వేలి కొసతో ముట్టుకుంది. తెలుపు అంటలేదు. చల్లగా, పచ్చి కొబ్బరిలా ఉంది. వేళయింది. పొద్దువాలే దాకా గడువు.

"ఇంకెందుకు? సారుని ఏసీ" అంది గంగ కింద చతికిలబడి.

"నాకు ఆయన ముఖం సరిగ్గా రావడం లేదు" అనేసింది హేమలత. అన్నాక చెవులు వేడెక్కాయి.

చిట్టెమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "మా ఫల్గుణ మొకం నేను పెళ్ళైన ఏడాదికి గాని సరిగ్గా సూడలేదు. సూసేక, ఇన్నాళ్ళూ సూడకపోడమే మంచిదైందనుకున్నాను."

హేమలతకూ నవ్వొచ్చింది. "అయితే మీరు చెప్పండి చిట్టెమ్మప్పా. ఆయనెలా ఉంటారు?"

"ఎలగుంటాడేటి? నవ్వితే ఎడం కన్ను ముందు మూసుకుంటాది."

"జొరం వొచ్చినపుడు అందరూ అమ్మా అంటారు, సారు నాన్నా అన్నాడు. నువ్వే కదప్పా, జావ పోసినావు?" అంది గంగ.

"పోసినాను. ఒణికిపోయాడు పాపం. మలేరియా."

"మా గుంటడికి పేరెట్టింది సారే. ఎత్తుకుంటే ఈడు సారు చెవి పట్టుకుని వొదలడు."

"పండగలో డప్పులకి ఎగురుతాడు. రాదు. అయినా ఎగురుతాడు."

వాళ్ళు చెబుతూనే ఉన్నారు. హేమలత తడి కుంచె పట్టుకుని నవ్వుతూ తలూపుతోంది. అతనికి మలేరియా వచ్చిందని ఆమెకు తెలియదు. డప్పులకు ఎగురుతాడని తెలియదు. నాన్నా అని పలవరిస్తాడనీ తెలియదు. వీళ్ళ దగ్గర సురేంద్ర బుట్టలకొద్దీ ఉన్నాడు. తన దగ్గర దోసెడైనా లేడు. ఎడం కన్ను ముందు మూసుకోవడం ఒక్కటీ వేద్దామని కుంచె ఎత్తింది. అది చిట్టెమ్మ చూసిన కన్ను. తను చూసింది కాదు. కుంచె దింపేసింది.

గంగ పిల్లాడు ఏడుపందుకున్నాడు. చిట్టెమ్మకు పండగ పిండి దంచే పని గుర్తొచ్చింది. "బేగి ఏసీ, మా ఆయన్ని తీసుకొచ్చి సూపిత్తాను" అని వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. గదిలో గోడా హేమలతా మిగిలారు. బయట ఎండ కొద్దికొద్దిగా పసుపు తిరుగుతోంది.

సరే, నా దగ్గరేముంది? అనుకుంది. ఉన్నదేదో ఉన్నంత.

భుజం ఉంది. ఆ ఘాట్ రోడ్డు పొడుగునా పట్టుకున్న భుజం. ఊదారంగు స్వెట్టరు కుట్టు ఎక్కడ ముడిపడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. మెడ ఉంది. మంగలి తిన్నగా గీసినట్టు కత్తిరించిన జుట్టు కింద, కుడి పక్కన ఒక పుట్టుమచ్చ. మెలిక తిరిగినప్పుడల్లా అది కాలర్‌లోకి దాక్కుని మళ్ళీ బయటికొచ్చేది. కోతిటోపీలోంచి బయటపడి చలికి ఎర్రబడ్డ చెవి అంచు ఉంది. ఇంకా, అద్దం ఉంది. ఆ కుడి అద్దంలో అతని కళ్ళు. ముక్కు లేదు, నోరు లేదు, కళ్ళు మాత్రమే. తను భయపడితే పెద్దవయ్యేవి. తను నవ్వితే కొసల్లో సన్నని ముడతలు పడేవి. ముఖాముఖి కూర్చున్నప్పుడు తల దించుకుంది గాని, ఆ అద్దంలోకి మాత్రం ఘాట్ దిగువ నుంచి పై దాకా సిగ్గుపడకుండా చూసింది!

అంతే, చెయ్యి కదిలింది. వెనక్కి తిరగాల్సిన తల రోడ్డు వైపే తిరిగి ఉండిపోయింది. ఊదారంగుకు ఎర్రమన్నులో బొగ్గు కలిపింది. పూత కింద కప్పబడిపోయిన తన చేతిని భుజం మీద మళ్ళీ వేసింది. మొదటిసారి చెయ్యి భుజానికి కాస్త దూరంగా ఆగిపోయింది. ఈసారి వేళ్ళు స్వెట్టరులోకి నొక్కుకున్నాయి. చిట్టెమ్మ అరచేతి వాటు అలల మీద ఊలు మడతలు వాటంతటవే వచ్చాయి. మెడ, మచ్చ, చెవి. గోడ గబగబా తాగేస్తోంది. ఆఖరికి అద్దం. బొటనవేలంత చోటు. సన్న కుంచె తీసుకుని ఊపిరి బిగబట్టి రెండు కళ్ళు పెట్టింది. రెండో కన్ను కొసన ముడత గీస్తుండగా కుంచె లాగినట్టయింది.

ఇక చాలంది గోడ.

పొద్దుగూకే వేళకు చిట్టెమ్మ అన్నమాట ప్రకారం ఫల్గుణను లాక్కొచ్చింది. ఫల్గుణ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గోడకు బారెడు దూరంలో నిలబడి చూశాడు.

"సారేడీ? ఎనక్కి తిరిగుంటే మొకం ఎలగ కనపడద్ది?"

"అద్దంలో ఉన్నారు చూడండి."

ఫల్గుణ ముక్కు గోడకు తగిలేంత దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. "కళ్ళు సారువే" అని ఒప్పుకున్నాడు. తర్వాత బుర్ర గోక్కున్నాడు. "కానీ తప్పేసినావమ్మా."

"ఏమైంది?" అంది హేమలత.

"ఆ బండెనక నానెన్నిసార్లు కూకున్నానో లెక్కలేదు. సంతకీ, ఆసుపత్రికీ, అన్నిటికీ. అద్దంలో సారు కళ్ళు ఏనాడూ కనపడలేదు. అద్దంలో ఎనకొచ్చే జీపు కనపడాల. ఎనక కూకున్నోడికి సారు కళ్ళు కనపడితే, సారుకీ ఎనక కూకున్నోడే కనపడతాడు. మన ఘాట్‌లో అలగ తిప్పుకుని తోల్తే లారీ ఎక్కీసినా తెల్దు. సారు అలాటి పని సెయ్యడు."

"చెయ్యరా?" అంది హేమలత.

"సెయ్యడమ్మా. అద్దం ఎవులైనా కదిపితే తిడతాడు కూడా."

"మరైతే సెరిపీసి సరిగ్గా ఏసీమ్మా" అంది చిట్టెమ్మ జాలిగా.

"చెరగదు చిట్టెమ్మప్పా. రాయైపోతుంది" అంది హేమలత. ఆమె ముఖం ఎందుకు అలా ఎర్రబడిందో, తప్పు వేసిన మనిషి అలా ఎందుకు నవ్వుతోందో వాళ్ళకు అర్థం కాలేదు. ఎండలో తిరిగి సంతకెళ్ళొచ్చింది కదా అనుకున్నారు. పెసరపప్పు కలిపిన పండగ ఉండలు ఆకులో పెట్టి ఇచ్చి వెళ్ళిపోయారు.

మంచు పట్టిందంటూ ఘాట్ మొదట్లో బండి ఆపిన మనిషి. అంత ఎండ కాస్తుంటే మంచెక్కడిది?

ఎక్కడో సరిహద్దు దగ్గర ఇప్పుడతను పళ్ళ గుట్టల మధ్య ఉండి ఉంటాడు. బెల్టు దొరికిందో లేదో. తిన్నాడో లేదో. అడుగుదామంటే రాయెక్కినా అతనికి అందదు. వాకిట్లో తన చెప్పులు ఒక్కటే జత. ఊరి నడుమ డప్పులు వేడి చేస్తున్నారు. ఒక్కో దెబ్బ వేసి చూసి ఆపేస్తున్నారు.

గోడ మీద రంగులు ఇంకా తడిగా, ముదురుగా ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ పాలిపోయి తేలికవుతాయి. అసలు రంగు ఏదో అప్పుడు గాని తెలియదు. అతను వచ్చేసరికి ఆరుతుందో, ఆరేసరికి అతను వస్తాడో. హేమలత సున్నం తొట్టి బోర్లించి గోడ ముందు వేసుకుంది. బండి వెనక కూర్చున్నట్టే ఒక పక్కకు కాళ్ళు పెట్టి దాని మీద కూర్చుంది. ఆకు విప్పి ఒక ఉండ కొరికింది. బాగుంది. రెండోది అతని వాటా అని పక్కన పెట్టింది.

తర్వాత అద్దం వైపు చూసి, కొంచెం ఇటు జరిగింది. అందులో పట్టేలా.